నాలుగో లైను

క్లినిక్‌లో అందరూ అతన్ని కమాండరు అంటారు. సైన్యానికీ అతనికీ ఏ సంబంధమూ లేదు. మనిషిని చూస్తే గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే మాత్రం నల్లటి కిటికీ ఒకటి తెరిచి, అందులో తెల్లటి కమాండ్లు టకటకా కొట్టుకుపోతాడు. మౌసు పట్టుకోవడం అతనికి నామోషీ. అందుకని పెద్ద మేడమ్ ఆ పేరు పెట్టింది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట తెప్పించడం ఆవిడ వృత్తి. మనుషులకు పేర్లు పెట్టడం ఆవిడ సరదా.

సోమవారం పొద్దున్నే కమాండరు రిజిస్టరు ముందేసుకుని ఫోన్లు మొదలుపెట్టాడు. వారానికోసారి తప్పని చాకిరీ ఇది. పేషెంట్ల ఇళ్లకు ఒక సేవాసంస్థ పాత కంప్యూటర్లు ఇస్తుంది. ఆఫీసులు వద్దని వదిలించుకున్నవే. కాకపోతే దుమ్ము దులిపి, లోపల కొనక్కర్లేని, ఎవరైనా విప్పి చూసి బాగుచేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వేసి, గోదాములోంచి నేరుగా ఇళ్లకు పంపేస్తారు. ఆ తరవాత అందులో 'మాటపలక' అనే ప్రోగ్రామ్ ఎక్కించుకోవాల్సింది ఇంట్లోవాళ్లు. తెర మీద బొమ్మలుంటాయి. బొమ్మ నొక్కితే కంప్యూటర్ ఆ మాట పైకి పలుకుతుంది. ఆ ప్రోగ్రామ్ రాసింది కమాండరే, మొహాలు కూడా ఎరగని మరో నలుగురితో కలిసి. దాన్ని ఎలా ఎక్కించుకోవాలో పదకొండు లైన్లలో కాగితం రాసిందీ అతనే. ఆ కాగితమంటే అతనికి ప్రోగ్రామ్ కన్నా ముద్దు.

"ఎక్కించుకున్నారా అండీ?"

"ఆఁ... చూస్తున్నామండీ."

"కాగితం చదివారా?"

"చదివామండీ."

"అర్థమైందా?"

"అర్థమైందండీ."

ప్రతి ఇంట్లోనూ ఇదే పాట. చదివారట, అర్థమైందట, ఎక్కించుకోలేదట. ఇక దీనికి ఏం రాయాలి? రిజిస్టరులో చివరి గడి పేరు 'కుటుంబం ఆసక్తి'. కమాండరు ఆ గడిలో 'లేదు' అని రాసి తరవాతి నంబరుకు వెళ్లాడు.

వరసగా మూడు వారాలు 'లేదు' పడితే ఆ పేషెంటుకు వారంలో ఇచ్చే గంట పోతుంది. ఇంటి దగ్గర సాధన లేనప్పుడు ఇక్కడ గంటసేపు కూర్చోబెట్టి ఏం లాభమన్నది మేడమ్ వాదన. బయట నలభై మంది ఎదురుచూస్తున్నారు మరి. మార్పుల జాబితా శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి పై ఆఫీసుకు వెళ్తుంది.

పదిన్నరకు టైలరమ్మ వచ్చింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. ఐదు నెలల కిందట పడిపోయాడు. కుడిచెయ్యి లేవదు, నోట మాట రాదు. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం అంతా తెలుస్తుంది. ఆయన్ని మేడమ్ గదిలో వదిలి, ఆమె కమాండరు బల్ల దగ్గరకొచ్చి సంచీలోంచి కీబోర్డు తీసింది.

"సార్, ఒక్కసారి దీన్ని చూస్తారా? చచ్చిపోతోంది. రిపేరు షాపుకు మూడుసార్లు తీసుకెళ్లాను. ఆయనేమో బాగానే ఉందంటాడు."

కమాండరు దాన్ని తన కంప్యూటరుకు తగిలించి నాలుగు ముక్కలు కొట్టి చూశాడు. అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి.

"నిక్షేపంలా ఉందమ్మా. తప్పు దీనిది కాదు. కాగితం ఇచ్చాను కదా, వరసగా చేసుకుంటూ వెళ్లండి. అన్నీ అందులో ఉన్నాయి."

"చేస్తున్నాను సార్. కానీ ఏమవుతోందంటే..."

ఫోను మోగింది. కమాండరు ఒక వేలు పైకెత్తి ఆమెను ఆపి, అవతలి మనిషికి అదే కాగితం గురించి చెప్పాడు. ఫోను పెట్టేసి ఆమె వైపు తిరిగాడు.

"అర్థమైంది కదమ్మా?"

లోపల మేడమ్ గది తలుపు తెరుచుకుంది. భర్త కుర్చీ చక్రాల చప్పుడు వినిపించింది.

"అర్థమైంది సార్," అంది. కీబోర్డు సంచీలో పెట్టుకుని గబగబా వెళ్లింది.

ఆమె పేరుకు ఎదురుగా కమాండరు మూడో 'లేదు' రాశాడు. మనసులో చిరాకు తప్ప ఇంకేమీ లేదు. పెన్ను మూసి పెడుతుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. కీబోర్డుకు తొడిగే గుడ్డ తొడుగు. ఆమె మరిచిపోయినట్టుంది. తీసి చూశాడు. నాలుగు మూలలా ఎలాస్టిక్, చుట్టూ సన్నటి గోటు, వైరు బయటికి రావడానికి చక్కగా కాజా కుట్టిన చిన్న కన్నం. లోపలివైపు పాత చొక్కా గుడ్డతో అస్తరు కూడా వేసింది. ఎక్కడా ఒక్క దారప్పోగు వేలాడటం లేదు.

కమాండరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. రిజిస్టరు వంక చూశాడు. ఆసక్తి లేని మనిషి కీబోర్డుకు అస్తరు వేస్తుందా? 

•

మంగళవారం సాయంత్రం నాలుగింటికి తొడుగు ఇచ్చేసి వద్దామని ఆమె ఇంటికి వెళ్లాడు. ఇచ్చేసి వద్దామనే. అంతకు మించి ఏమీ అనుకోలేదని తనకు తనే చెప్పుకున్నాడు.

రెండో అంతస్తు. మెట్లెక్కగానే ఇరుకు వసారా, అందులో గోడకు ఆనించి కుట్టుమిషను, దాని పక్కన కత్తిరించిన కాలర్ల దొంతర. మనుషులు పక్కకు తిరిగి నడవాలి. లోపలి గదిలో మాత్రం కావలసినంత ఖాళీ.

"మిషను బయట పెట్టారేం?" అని అడిగాడు.

"పీచు సార్," అంది టైలరమ్మ తప్పు చేసినదానిలా. "గుడ్డ కత్తిరిస్తే పీచు రేగుతుంది కదా. అది కీబోర్డులోకి పోయి చంపేస్తోందని మిషను బయటికి లాగేశాను. తొడుగు కుట్టాను. అయినా ఏం లాభం లేదు."

"పీచు అని రిపేరాయన చెప్పాడా?"

"ఆయనేం చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఇంకేముంటుంది సార్, పద్దెనిమిదేళ్ల నుంచి ఈ గదిలో రేగుతున్నది పీచే."

కిటికీ పక్కన కుర్చీలో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. ఆయన ఎడమపక్క ఇంకో కుర్చీ, దాని మీద నీళ్ల జగ్గు, గ్లాసు. కమాండరును చూసి తల ఊపాడు. తరవాత ఎడమచెయ్యి ఎత్తి ఆ కుర్చీ వైపు చూపించాడు. టైలరమ్మ వెంటనే వెళ్లి గ్లాసులో నీళ్లు పోసి నోటికి అందించింది. ఆయన ఒక గుక్క తాగి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"దాహం వాడికి," అంది మంచం మీంచి డ్రైవరు తల్లి. కళ్లజోడు ముక్కు కొసకు జారి ఉంది, బొత్తాలు కుడుతోంది. "చిన్నప్పట్నుంచీ అంతే బాబూ. నీళ్లు కనిపిస్తే చాలు."

కమాండరు స్టూలు లాక్కుని కంప్యూటర్ పక్కన కూర్చున్నాడు. చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి పోయింది. వెనక్కి తీసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"మీరే చెయ్యండమ్మా. రోజూ ఎలా చేస్తారో అలాగే. నేను చూస్తానంతే."

ఆమె చేతులు కడుక్కుని తుడుచుకుంది. కాగితం బల్ల మీద పరిచి, మొదటి లైను కింద చెక్క స్కేలు పెట్టింది. ఒక్కో అక్షరం పెదవుల్లో అనుకుంటూ ఒక్కో మీట నొక్కింది. లైను అయ్యాక స్కేలు మీద వేలు నడుపుతూ మొదట్నుంచీ మళ్లీ సరిచూసింది. ఎంటర్ నొక్కి, కాగితం అంచున సుద్దముక్కతో చిన్న గీత పెట్టింది. కొలతల చీటీ చూసి గుడ్డ కత్తిరించే మనిషి. ఒకసారి కత్తెర పడ్డాక వెనక్కి రాదని తెలిసిన చెయ్యి. మొదటి లైను, రెండో లైను, మూడో లైను. ఒక్క తప్పు లేదు. కమాండరు తనే అయితే ఈపాటికి రెండు తప్పులు చేసి చెరిపేవాడు.

స్కేలు నాలుగో లైను కిందికి దిగింది. 'పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కండి.' ఇంతే ఉంది అక్కడ. పాస్‌వర్డ్ కంప్యూటర్ పక్కన చీటీ మీద అతికించి ఉంది. ఆమె మొదటి అక్షరం నొక్కి తెర చూసింది. మళ్లీ నొక్కింది. ఇంకో మీట నొక్కింది. చేతులు పైకెత్తేసింది.

"ఇదిగో సార్. చచ్చిపోయింది."

కమాండరు తెర చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. ఉండాల్సింది అలాగే. పాస్‌వర్డ్ కొడుతున్నంతసేపూ ఆ నల్ల కిటికీ ఏమీ చూపించదు. అక్షరాలు కాదు కదా, చుక్కలు కూడా వెయ్యదు. పక్కవాళ్ల కంట పడకూడదని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. రోజుకు పాతికసార్లు దాటిపోయే ఆ ఖాళీ కమాండరు కంటికి ఆనడం మానేసి ఏళ్లయింది. అది ఖాళీ అని కాగితంలో రాయాలని తట్టనే లేదు.

"చావలేదమ్మా," అన్నాడు. "కనిపించదంతే. లోపల పడుతూనే ఉంటుంది. మొత్తం కొట్టేసి ఎంటర్ నొక్కండి."

"కనిపించదా?"

"కనిపించదు."

ఆమె కాగితం తీసి నాలుగో లైను మళ్లీ చదివింది. తను చూడకుండా వదిలేసిందేమోనని వెనకవైపు కూడా తిప్పి చూసింది. అక్కడేమీ లేదు. కాగితం కింద పెట్టింది. కమాండరుకు తల కొట్టేసినట్టయింది. మూడుసార్లు, సంచీలో కీబోర్డు పెట్టుకుని, ఈ మనిషి. మిషను వసారాలోకి. అస్తరు.

పాస్‌వర్డ్ కొట్టింది. ఎంటర్ నొక్కింది. తెర మీద బిలబిలమంటూ తెల్ల అక్షరాలు పరుగులు తీశాయి. ఆమె నోరు తెరిచి కమాండరు వంక చూసింది. పెద్దావిడ సూది ఆపి, "కదిలిందా?" అంది. డ్రైవరు మెడ సాచి చూస్తున్నాడు. ఐదో లైను, ఆరో లైను సాఫీగా పోయాయి. ఏడో లైనుకు తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చి అక్కడే ఆగిపోయాయి.

"ఇప్పుడు నేను చూస్తాను," అని కమాండరు కీబోర్డు అందుకున్నాడు. ఏడో లైను నెట్‌లోని గిడ్డంగి నుంచి తెమ్మన్న సామాను, మాటపలక నడవడానికి కావలసిన ఇంకో ప్రోగ్రామ్, ఉండాల్సిన చోట లేదు. పాత పేరు మారిపోయింది. కొత్తది తెస్తే దానికి ఇంకో నాలుగు కావాలి, ఆ నాలుగింట్లో రెండు ఈ కంప్యూటర్‌లో ఉన్న సిస్టమ్‌కు సరిపడవు. తన కంప్యూటర్‌లో అవన్నీ ఎప్పుడో ఉన్నాయి కాబట్టి తనకు ఏడో లైను ఏనాడూ ఆగలేదు. కాగితాన్ని తన కంప్యూటర్ మీదే పరీక్షించుకుని, భేష్ అని తనే అనుకున్నాడు. గంటన్నర కుస్తీ పట్టాడు. ఈలోగా డ్రైవరు మూడుసార్లు చెయ్యెత్తాడు. టైలరమ్మ మూడుసార్లు లేచి నీళ్లు ఇచ్చింది. ఎర్ర అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

"నాకూ రావడం లేదు," అన్నాడు కమాండరు చివరికి.

ఆమె మొహం విప్పారింది. సంతోషం దాచుకోవడం కూడా మరిచిపోయింది. "మీక్కూడా రాలేదా సార్? అయితే నా చేతకానితనం కాదన్నమాట."

"కాదమ్మా. మీరు చేసినదాంట్లో ఒక్క తప్పు లేదు."

"అత్తయ్యా, విన్నారా? సారుకు కూడా రాలేదట."

"అయ్యో పాపం," అంది పెద్దావిడ అతని వంక చూసి, నిజంగానే జాలిపడుతూ.

"కంప్యూటర్ క్లినిక్‌కు పట్టుకెళ్లి నేనే ఎక్కించి ఇస్తాను," అన్నాడు కమాండరు.

టైలరమ్మ ఆలోచించింది. "ఇస్తే సరే సార్. రేపు మళ్లీ ఏదైనా అయితే? మళ్లీ మీ చుట్టూ తిరగాలి. నాకు చేతనయ్యేలా చెయ్యలేరా?"

కమాండరు మెట్లు దిగుతూ ఆ మాటకు జవాబు వెతుక్కున్నాడు.

•

బుధవారం పొద్దున రిజిస్టరు మళ్లీ తెరిచాడు. 'లేదు' అని ఉన్న పేర్లు పంతొమ్మిది. అందరికీ వరసగా ఫోను చేశాడు. ఈసారి అర్థమైందా అని అడగలేదు.

"కాగితం దగ్గర పెట్టుకోండి. ఎన్నో లైను దగ్గర ఆగింది?"

ఎవరూ వాళ్లను ఆ ప్రశ్న అడగలేదు. అవతల వెతుక్కునే చప్పుడు, పిల్లల్ని కాగితం తెమ్మని కేకలు. "నాలుగోది అనుకుంటానండీ." "నాలుగు. అక్కడ మీటలు పనిచెయ్యడం మానేస్తాయి." ఒకాయన కొత్త కీబోర్డు తెచ్చుకున్నాడు. ఒకావిడ కంప్యూటర్‌ని గోదాముకు తిప్పి పంపేసింది. రిటైరైన టీచరు ఒకాయన, "ఏదో తప్పు కొట్టాను, యంత్రం అలిగిందనుకున్నాను నాయనా, రోజూ పొద్దున్నే ఒకసారి బతిమాలుకుంటున్నా," అన్నాడు. పదమూడు మంది నాలుగో లైను దగ్గర ఆగారు. ఎలాగో అది దాటిన ఆరుగురు ఏడో లైను దగ్గర పడ్డారు. పంతొమ్మిది ఇళ్లలో మాకు ఆసక్తి లేదన్నవాళ్లు ఒక్కరూ లేరు.

రిజిస్టరు పట్టుకుని మేడమ్ గదికి వెళ్లాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"టైలరమ్మకు పడ్డ మూడు 'లేదు'లూ కొట్టేద్దాం మేడమ్. ఆవిడ తప్పు కాదు."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఈ గడిలో రాతంతా నీదే కమాండరూ. నేనొక్క అక్షరం రాయలేదు."

"తెలుసు మేడమ్."

"తప్పు దిద్దుకుంటానంటే వద్దనను. కానీ ఇవాళ కొట్టేస్తే, ఆ ఇంట్లో ఏం మారింది? ఆయన ముందు బొమ్మలుంటాయా? ఉండవు. వారానికి గంట నా దగ్గర, మిగతా రోజులన్నీ గోడ చూస్తూ కూర్చోవడం. ఆ గంట ఇంకొకరికి ఇస్తే వాళ్లయినా బాగుపడతారు కదా అని నాకు అనిపించదా?" కళ్లజోడు పెట్టుకుంది. "శుక్రవారం పన్నెండులోగా ఆ ఇంట్లో మాటపలక పలకనీ. ఆ పేరు నేను ముట్టుకోను. మిగతావాళ్లకు మూడు నిండలేదు, వాళ్లకింకా టైముంది."

బల్ల దగ్గరకు వచ్చి కమాండరు మాటపలక రాసే ఐదుగురూ మాట్లాడుకునే పేజీ తెరిచాడు. రెండేళ్ల కిందట ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అక్కడ ఒక విన్నపం పెట్టాడు. ఒక్క నొక్కుతో ఎక్కిపోయేలా చెయ్యరా అని. దాని కింద కమాండరు జవాబు ఉంది: 'సూచనల కాగితం చదవండి.' ఆ వెంటనే విన్నపం మూసేసిందీ అతనే. ఎంత దర్జాగా మూశాడో ఇప్పుడు చదువుతుంటే చెవులు వేడెక్కాయి. మళ్లీ తెరిచి, కింద రాశాడు: 'కాగితం చదివినవాళ్లను చూసి వచ్చాను. తప్పు కాగితానిది. ఇది నేను చేస్తాను.'

పావుగంటలో నలుగురిలో ఒకడి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. 'సామానంతా ఒకే గిడ్డంగిలోంచి రావాలి, ప్రతి ప్రోగ్రామూ తన మూట తను మోసుకుపోతే దండగ అని పద్ధతి రాసింది నువ్వే కదా. మూట బరువు పదింతలవుతుంది.'

'అవనీ,' అని రాశాడు కమాండరు. 'మోసేది మనం కదా.'

స్టోర్‌రూమ్‌లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకున్నాడు. గోదాము వాళ్లు ఇచ్చే సిస్టమే అందులోనూ వేశాడు. ఇక తన కంప్యూటర్‌ను నమ్మదలుచుకోలేదు. మాటపలకకు కావలసిన ప్రతి ముక్కా, గొంతులు, బొమ్మలు, కింద ఆధారంగా ఉండేవన్నీ, ఏరి ఒకే ఫైలులో కట్టడం మొదలుపెట్టాడు. బయటి నుంచి ఏదీ తెచ్చుకోకూడదు. అద్దె ఇంట్లో ఎవరి గదిలో వాళ్లు సామాను సర్దుకున్నట్టు, ఇంటి యజమానిని అడగక్కర్లేకుండా ఒక మూల కూర్చోవాలి. పాస్‌వర్డ్ అన్న ప్రశ్నే రాకూడదు. ప్రతిసారీ ఏదో ఒకటి తక్కువయ్యేది. ఆ కంప్యూటర్‌ను మొదటికంటా తుడిచేసి, మళ్లీ వేసి, మళ్లీ చూసేవాడు. బుధవారం ఏడుసార్లు తుడిచాడు. గురువారం మధ్యాహ్నానికి పదకొండోసారి, మూట విప్పగానే తెర మీద ఇరవై నాలుగు బొమ్మలు బారులు తీరాయి.

•

గురువారం మూడింటికి మేడమ్‌ను పిలిచి ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"నాకు ఇవన్నీ రావు కమాండరూ."

"అందుకే పిలిచాను మేడమ్."

మేడమ్ ఫైలు మీద నొక్కింది. కిటికీ ఒకటి తెరుచుకుంది. 'ఎక్కించు' అన్న మీట నొక్కింది. ఎక్కడం మొదలైంది. కమాండరు ఊపిరి పీల్చుకునేలోపు తెర మీద ప్రశ్న వచ్చింది. ఏ ఫోల్డర్‌లో పెట్టాలి?

"నన్నడుగుతుందేమిటి?" అంది మేడమ్. "దానికి తెలియదా?"

"తెలుసు మేడమ్."

"తెలిస్తే అడగడమెందుకు?"

కమాండరు ఆ ప్రశ్న తీసేశాడు. మళ్లీ మొదటి నుంచి. ఏ గొంతు కావాలి?

"ముందు ఏదో ఒకటి పలకమను. నచ్చకపోతే మార్చుకుంటాం. మాటే లేనివాడికి గొంతు ఎంపికలా?"

అదీ తీసేశాడు. మూడోసారి ఒక పెద్ద కాగితమంత షరతులు వచ్చి, అంగీకరిస్తున్నారా అని నిలదీశాయి. మేడమ్ కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ఇదేదో కోర్టు వ్యవహారంలా ఉంది. నా పేషెంట్ల ఇళ్లలో దీన్ని చూస్తే కంప్యూటర్ ఆపేసి పడుకుంటారు."

ఒక్కో ప్రశ్న పెట్టినప్పుడు వాడేవాళ్లకు మర్యాద చేస్తున్నానని అనుకున్నాడు కమాండరు. మూడు ప్రశ్నలూ తీసేశాక, అయిదున్నరకు, మేడమ్ రెండుసార్లు నొక్కి, ఏదో ఇంకా అడుగుతుందని తెర వంక చూస్తూ కూర్చుంది. అదేమీ అడగలేదు. బొమ్మలు వచ్చాయి.

"ఇంతేనా?" అంది.

"ఇంతే మేడమ్."

"మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?"

ఆవిడ వెటకారంగా అనలేదు. కమాండరు మూటను పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు.

•

శుక్రవారం పదకొండున్నరకు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని రెండో అంతస్తు ఎక్కాడు. పొద్దున్నే వద్దామనుకున్నాడు. కానీ చివరి నిమిషంలో భయమేసి పాత కంప్యూటర్ ఇంకోసారి తుడిచి చూసుకుని వచ్చాడు. టైలరమ్మ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది. బల్ల మీద స్కేలు, సుద్దముక్క.

"కాగితం సార్?"

"కాగితం లేదమ్మా."

ఆమె అనుమానంగా చూసింది. కాగితం లేకుండా పని ఎలా అవుతుందన్నట్టు స్కేలు వంక కూడా చూసింది. కమాండరు స్టూలు మీద కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. పెన్‌డ్రైవు పెట్టిందీ, ఫైలు తెరిచిందీ ఆమే. 'ఎక్కించు' అన్న మీట కనిపించింది. దాన్ని నొక్కి, వెంటనే చేతులు వెనక్కి తీసుకుంది.

పచ్చటి గీత ఒకటి మెల్లగా సాగింది. సగం దాకా వచ్చి నిలబడింది. కమాండరు వేళ్లు తొడల కింద నొప్పి పుట్టాయి. అక్కడ పెద్ద ముక్క ఉంటుందని, ఆగడం మామూలేనని తనకు తెలుసు. ఆ సంగతి ఆమెకు తెలియదని మళ్లీ మరిచిపోయాడు. 'కొంచెం ఆగండి, పని జరుగుతోంది' అని తెర మీద ఒక ముక్క పెట్టాలి. సాయంత్రం పెట్టాలి.

"ఆగిందా సార్?"

"లేదమ్మా. పనిలోనే ఉంది."

గీత కదిలింది. చివరిదాకా పోయింది. తెర నిండా బొమ్మలు వచ్చాయి.

"ఇప్పుడేం నొక్కాలి?"

"ఏమీ లేదు. అయిపోయింది."

"అయిపోయిందా?" ఆమె సుద్దముక్క తీసుకుంది. గీత పెట్టడానికి కాగితం లేదు. బల్ల చెక్క మీదే చిన్న గీత ఒకటి పెట్టింది.

ఇద్దరూ కలిసి బల్లను డ్రైవరు కుర్చీ దగ్గరకు జరిపారు. మౌసు ఆయన ఎడమచేతి కింద పెట్టారు. ముప్పై ఏళ్లు గేరు మార్చిన చెయ్యి. అరచెయ్యి మౌసును మొత్తం కప్పేసింది. బాణం గుర్తు తెర మీద ఆ మూలకూ ఈ మూలకూ తూలింది. మెల్లగా దారికొచ్చింది. కానీ ఆయన ఏ బొమ్మా నొక్కలేదు. మౌసు వదిలేసి, చెయ్యెత్తి, పక్క కుర్చీ వైపు చూపించాడు.

టైలరమ్మ లేచి గ్లాసు అందుకుంది.

అప్పుడే కమాండరు ఫోను మోగింది. మేడమ్. "పన్నెండుకు ఐదు నిమిషాలుంది కమాండరూ. జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏం చెయ్యమంటావు?"

"ఒక్క నిమిషం మేడమ్," అన్నాడతను. ఫోను పెట్టెయ్యకుండా అలాగే పట్టుకున్నాడు.

డ్రైవరు గ్లాసు వంక చూశాడు. భార్య వంక చూశాడు. మళ్లీ మౌసు పట్టుకున్నాడు. బాణం గుర్తు వణుకుతూ పోయి గ్లాసు బొమ్మ మీద ఆగింది.

"నీళ్లు," అంది కంప్యూటర్. ఆడగొంతు, కాస్త కటువుగా.

"చెప్పానా," అంది పెద్దావిడ మంచం మీంచి. "దాహం వాడికి."

బాణం గుర్తు కదిలింది. రెండు బొమ్మలు దాటిపోయి, వెనక్కి వచ్చింది.

"వద్దు," అంది కంప్యూటర్.

టైలరమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. డ్రైవరు నుదుట చెమట పట్టింది. చెయ్యి ఇంకా కదులుతూనే ఉంది.

"కూర్చో," అంది కంప్యూటర్.

టైలరమ్మ తెర చూసింది, భర్తను చూసింది. "పొద్దున్నుంచీ మిషను ముందు కూర్చునే ఉన్నాను కదండీ," అంది అయోమయంగా.

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. ఈసారి వెతుక్కోలేదు. బొమ్మ ఎక్కడుందో చూసి పెట్టుకున్నట్టున్నాడు.

"ఇక్కడ."

చెయ్యి తీసి పక్క కుర్చీ చూపించాడు. జగ్గు ఉన్న కుర్చీ. వారాల తరబడి చూపిస్తున్న కుర్చీ. మిషను వసారాలోకి పోయాక ఆమె పగలంతా గోడకు అవతలే ఉంటోంది. లోపలికి వచ్చేది నీళ్లివ్వడానికే.

టైలరమ్మ మొహంలో నవ్వు మొదలై, మధ్యలో ఏడుపయింది. "ఇన్ని వారాల నుంచీ కడుపు నిండా నీళ్లు పోశానేంటండీ మీకు," అంది. డ్రైవరు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. చప్పుడు లేదు గానీ మనిషంతా కదిలేలా నవ్వుతున్నాడు. పెద్దావిడ బొత్తాల డబ్బా పక్కన పెట్టి కొడుకును కళ్లార్పకుండా చూసింది. "మరి చెప్పవేంరా," అని, ఆ మాటకు తనే కళ్లు తుడుచుకుంది.

"కమాండరూ," అంది ఫోనులో మేడమ్. ఆవిడ ఉందన్న సంగతే మరిచిపోయాడు. "మాట్లాడిందెవరు?"

"మీ పేషెంటు మేడమ్. కూర్చోమంటున్నాడు."

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "పేరు అలాగే ఉంచుతున్నానని చెప్పు. సోమవారం పదిన్నరకు రమ్మను." ఆ వెంటనే, "ఆ మూట మిగతా పద్దెనిమిది మందికీ ఎప్పుడు?" అంది.

"సాయంత్రానికి మేడమ్. ఒక్క ముక్క చేర్చాలి అందులో."

టైలరమ్మ మొహం తుడుచుకుని కుర్చీ మీది జగ్గు తీసింది. పెట్టడానికి చోటు లేదు. బల్ల నిండా కంప్యూటర్. జగ్గూ గ్లాసూ రెండూ కమాండరు చేతుల్లో పెట్టేసి, కుర్చీ భర్త పక్కకు జరుపుకుని కూర్చుంది. డ్రైవరు ఎడమచెయ్యి మౌసు మీంచి తీసి ఆమె చేతి మీద వేశాడు. చెప్పాల్సింది చెప్పేసినట్టు, మళ్లీ తెర వంక చూడలేదు.

కమాండరు జగ్గు పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

"నువ్వయినా తాగు బాబూ," అంది పెద్దావిడ. "పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు."

అతను గ్లాసు నింపుకుని, నిలబడే తాగాడు.